మూసుకుపోయిన నాళం, ముందే కొట్టిన చప్పట్లు

గుండె డాక్టరు రిటైరై ఏదైనా రాస్తే అందులో ఒక రోగి చావు అంచుదాకా వెళ్ళి తిరిగొస్తాడు. ఆ రోగి తల్లి డాక్టరు కాళ్ళ మీద పడుతుంది. డాక్టరు కళ్ళు చెమరుస్తాయి. నాకు గుర్తున్నంతవరకు ఆసుపత్రిలో నా కళ్ళు చెమర్చింది క్యాంటీన్ సాంబారులో మిరపకాయలు ఎక్కువైన రోజుల్లోనే. ఆ ఆశతో చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. పూర్తిగా మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని, ఛాతీ కోయకుండా, తొడ మొదట్లోంచి సన్నటి గొట్టం పంపి తెరవడం ఆ పని. తొంభైల్లో చెన్నైలో నేర్చుకున్నాను. అప్పటికి మేమంతా మద్రాసనే అనేవాళ్ళం. ఏ పదవి ఎప్పుడు వచ్చిందో రాయను. వచ్చినప్పుడే నాకు పెద్ద ఆసక్తి కలగలేదు, మీకెందుకు కలగాలి?

దారి లేని చోట దారి

సన్నబడిన నాళం తెరవడం వేరు, పూర్తిగా మూసుకుపోయినదాన్ని తెరవడం వేరు. మొదటిదానిలో దారి ఉంటుంది, ఇరుకుగా ఉంటుంది. రెండోదానిలో దారే ఉండదు. నెలల తరబడి గట్టిపడిన అడ్డం ఉంటుంది. డై అనే రంగుమందు పోస్తే ఎక్స్‌రే తెర మీద నాళం కొంతదాకా నల్లగా కనిపించి, అక్కడ తెగిపోతుంది. ఆ తర్వాత ఏముందో తెర చెప్పదు. వెంట్రుక కంటే కాస్త మందంగా ఉండే వైరును ఆ తెలియనిదానిలోకి తోయాలి. అడ్డం గుండా వెళ్ళి అవతలి వైపు నాళంలో తేలితే, దాని మీదుగా చిన్న బెలూను పంపి ఊది, దారి వెడల్పు చేయవచ్చు.

వైరు పక్కకు తిరిగి నాళం గోడలోకి దూరితే? గోడ కూడా దాటి బయటికి పోతే? తెర మీద అదీ అచ్చం అలాగే కనిపిస్తుంది. చిక్కంతా ఇదే. వైరు చేసిన చిల్లు చాలా సన్నది, చాలాసార్లు దానంతటదే మూసుకుంటుంది. అదే చిల్లులో బెలూను ఊదితే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి, గుండెను బయటినుంచి పిసికేస్తుంది. ఆ తర్వాత మనం నేర్చుకునేది ఏదైనా ఉంటే, అది ఆ రోగికి ఉపయోగపడదు.

అందుకని ఈ పనికి చెయ్యి తిరగడం రెండో అర్హత. మొదటిది అనుమానం. అనుమానం ఎక్కువై పెళ్ళి సంబంధాలు చెడినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళను ఈ పనికి పంపండి.

ఎదురు వకీలు

నాకు పని నేర్పినాయన డాక్టర్ వరదరాజులు. ఆసుపత్రిలో అందరూ పెద్దాయన అనేవాళ్ళు. వాళ్ళది కొన్ని వందల ఏళ్ళ కిందటే తమిళ దేశానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. మాదీ అంతే. మా నాన్న పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసేవాడు.

పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. వైరు అడ్డం దాటినట్టు కనిపించగానే, బెలూను అందుకోకుండా, రెండు చేతులూ పైకెత్తి గదిలో అందరికంటే చిన్నవాడి వైపు చూసేవాడు. ఆ చిన్నవాడు వైరు తప్పు చోట ఉందని వాదించాలి. ఒప్పుకోవడానికి వీల్లేదు. "సరిగ్గానే ఉంది సార్" అన్నవాణ్ణి బయటికి పంపించేవాడు, ఎక్స్‌రే తగలకుండా వేసుకునే లెడ్ ఆప్రాన్‌తో సహా. మేం ఆ పనికి ఎదురు వకీలు అని పేరు పెట్టుకున్నాం. నేను చేరినప్పుడు నేనే చిన్నవాణ్ణి. తర్వాత నాకంటే చిన్నవాళ్ళు వచ్చినా ఆ ఉద్యోగం నా దగ్గరే ఉండిపోయింది. నేను ఎలాగూ ఎదురు మాట్లాడతాను, జీతం దండగ కాకుండా ఉంటుందని కాబోలు.

ఒకసారి ఒక పోస్టుమాస్టరుగారి నాళంలో వైరు దిగిన తీరు ఎంత అందంగా ఉందంటే, నర్సు కూడా పని ఆపి చూసింది. పెద్దాయన నా వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలి కదా అని, "వైరు మొన నాళం పక్క కొమ్మల్లోకి ఎక్కడా తిరగడం లేదు సార్" అన్నాను. ఎక్స్‌రే కెమెరాను పక్కకు తిప్పించాడు. ఆ వైపు నుంచి చూస్తే వైరు, పెళ్ళిలో గిట్టని బంధువులకు దూరంగా నిలబడినట్టు, నాళానికి దూరంగా నిలబడి ఉంది. పెద్దాయన దాన్ని వెనక్కి లాగి, మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి సరైన దారిలో పంపాడు.

బయటికి వచ్చాక అడిగాడు. "నమ్మి చెప్పినావా?"

"లేదు సార్."

"మంచిది. నమ్మి చెప్పింటే పొగరొస్తాది."

నేను కొన్నాళ్ళు ఇంకొక ఆయన దగ్గర కూడా పనిచేశాను. ఆయన పంపిన వైరు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఆయన రోగులకే ఏదో లోపం ఉండేది.

మా ఇంటి భాష

ఈ పని జరిగేటప్పుడు రోగి మేలుకునే ఉంటాడు. అతని ముఖానికీ మా చేతులకూ మధ్య ఒక పచ్చ గుడ్డ ఉంటుంది, అంతే. చెవులకు ఏ గుడ్డా ఉండదు. ఈ సంగతి మేం తరచు మరిచిపోయేవాళ్ళం.

గదిలో రోగితో తమిళం మాట్లాడేవాళ్ళం. మాలో మేం ఇంగ్లీషు. అనుమానాలు మాత్రం పెద్దాయనా నేనూ తెలుగులో చెప్పుకునేవాళ్ళం. రోగి భయపడకూడదని ఆయన చెప్పే కారణం. నాకు ఆ కారణం మీద కూడా కొంచెం అనుమానం ఉండేది. ఇంతకీ చెన్నైలో తెలుగును రహస్య భాషగా వాడుకోవడం, తిరుపతి కొండ మీద గుండును మారువేషంగా వాడుకోవడం లాంటిది. చదువుకున్నవాళ్ళం కాబట్టి ఆ ఆలోచన మాకు రాలేదు.

గోతాల వ్యాపారి

చెంగల్రాయన్ నగరంలోని చూలై పేటలో గోనెసంచుల టోకు వ్యాపారి. యాభై దాటిన మనిషి. కొట్టు నుంచి లారీ నిలబడే చోటుదాకా నడవాలంటే మధ్యలో ఛాతీ పట్టేసేది. అప్పుడు ఎవరిదో ఒక కొట్టు ముందు ఆగి సరుకు చూస్తున్నట్టు నటించేవాడు. ఆ వీధిలో ఆయనకు అక్కర్లేని సరుకు గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. గుండె ముందువైపు నాళం పూర్తిగా మూసుకుపోయింది. బైపాస్ చేయించుకోమన్నారు. తమ్ముడు కడుపు ఆపరేషన్‌కని వెళ్ళి బల్ల మీదే పోయాడట. తన దగ్గర కత్తి మాట ఎత్తవద్దన్నాడు చెంగల్రాయన్. అందుకని మా దగ్గరికి వచ్చాడు.

అప్పుడే నగరంలో ఒక హోటలు హాల్లో గుండె డాక్టర్ల సభ పెట్టుకున్నారు. ఒక విదేశీ నిపుణుడు మా ఆసుపత్రిలో మూసుకుపోయిన నాళం తెరుస్తుంటే, హాల్లో కూర్చున్నవాళ్ళు తెర మీద అప్పటికప్పుడు చూస్తారు. చెంగల్రాయన్‌ను అందుకు ఎంచారు. ఒప్పించే పని నాకు పెట్టారు. ఆయనా ఆయన భార్య రాజమ్మగారూ నా ఎదురుగా కూర్చున్నారు. మాటలన్నీ తమిళంలోనే.

"ఊరికే చేస్తారా?" అన్నాడు.

"ఊరికే. సామానంతా కంపెనీవాళ్ళు ఇస్తారు."

"ఎందుకిస్తారు?"

"డాక్టర్లు చూసి నేర్చుకోవాలని."

"అంటే చూసేవాళ్ళకు రాదు. చేసే ఆయనకు వచ్చు."

"అవును."

"ఆయనకు వచ్చని ఎవరు చెప్పారు?"

"చూసేవాళ్ళే" అన్నాను.

రాజమ్మగారు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఊరికే వచ్చే సరుకును ఎలా చూడాలో అలాగే నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వుంటావా ఆ గదిలో?" అన్నాడు. ఉంటానన్నాను. "సరి" అని సంతకం పెట్టాడు. నేనుండడం వల్ల ఏం లాభమో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

హాలు

ఆ నిపుణుడు మంచి మనిషి. చేతులు కూడా మంచివి. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఒక దుర్మార్గుడు లేకపోతే చదివేవాళ్ళకు తోచదు. ఇందులో లేడు. ఉన్నదల్లా ఒక కెమెరా, ఒక మైకు, హాల్లోంచి మాటలు వినిపించే ఒక స్పీకరు.

నిపుణుడి పక్కన పెద్దాయన, ఆయన పక్కన నేను. మొదలుపెట్టేముందే పెద్దాయన ఇంకో కాలి నుంచి కూడా ఒక గొట్టం పెడదామన్నాడు. దానిలోంచి గుండె కుడివైపు నాళంలో డై పోస్తే, అది చిన్న చిన్న పక్కదారుల్లోంచి వెళ్ళి, మూసుకుపోయిన నాళం అవతలి కొసను చూపిస్తుంది. అసలు నాళం ఎక్కడుందో తెలిస్తేనే కదా వైరు ఎక్కడ లేదో తెలిసేది. హాల్లో సభ నడిపించే ఆయన స్పీకర్లోంచి, సమయం తక్కువగా ఉంది, ఇంకో ఆసుపత్రి నుంచి తరువాతి కేసు సిద్ధంగా ఉంది అన్నాడు. నిపుణుడు, అవసరమైతే తరువాత పెడదాం అన్నాడు. పెద్దాయన ఊరుకున్నాడు.

కంపెనీవాళ్ళు కొత్త రకం వైరు తెచ్చారు. తడి తగిలితే జారిపోయే పూత ఉన్నది. నిపుణుడు దాన్ని అడ్డం దగ్గరికి తెచ్చి మెల్లగా తిప్పాడు. కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత ఉన్నట్టుండి, నేతిలో వేలు పెట్టినట్టు, సర్రున కిందిదాకా దిగిపోయింది.

స్పీకర్లోంచి చప్పట్లు వినిపించాయి. హాలంతా కొడుతున్నట్టున్నారు.

అంతకాలం గట్టిపడిన అడ్డం అంత మర్యాదగా దారి ఇవ్వదు. పెద్దాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. చేతులు పైకెత్తలేదు. కెమెరా ముందు మా ఎదురు వకీలు అలవాటు చూపించుకోవడానికి మొహమాటపడ్డాడు. కంపెనీ మనిషి బెలూను పొట్లం చించి అందించాడు. నిపుణుడు దాన్ని వైరు మీదికి ఎక్కించబోతున్నాడు.

"సార్, అది ఆడ లేదు" అన్నాను తెలుగులో, మెల్లగా. "బయటికి పోయినట్టుండాది."

"యాడ చూసి చెప్తా ఉండావు?" పెద్దాయన నా వైపు తల తిప్పలేదు.

"మొన చూడండి. నాళంతోపాటు ఊగాల. అది దాని పాటికది ఊగతా ఉండాది."

"లైవులో ఉండాం అబ్బయా."

"బెలూను కూడా లైవులోనే నాళాన్ని పగలకొడతాది సార్."

అప్పుడు పచ్చ గుడ్డ కిందినుంచి ఒక గొంతు వచ్చింది. ఆ రోజుదాకా తమిళం తప్ప ఇంకేమీ వినిపించని గొంతు.

"అయ్యా, ఆడ లేదంటా ఉండాడు గదా ఆయన. ఇంకేంది మీరు పోనిచ్చేది? నిలపండి."

నర్సు మానిటరు వైపు చూసింది, అదేమైనా మాట్లాడిందేమోనని. నేను పెద్దాయన వైపు చూశాను. ముసుగు పైన కనిపించేది కళ్ళే కాబట్టి, ఆయన ముఖం గురించి ఎక్కువ రాయలేను. చెంగల్రాయన్‌ది చూలైలో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మేం ఆయనతో తమిళంలో మొదలుపెట్టాం, ఆయన తమిళంలో జవాబిచ్చాడు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

"పేషెంటు ఏమంటున్నారు, నొప్పా?" అని స్పీకరు ఇంగ్లీషులో అడిగింది.

"రెండో వైపు నుంచి కూడా చూడమంటున్నారు" అన్నాడు పెద్దాయన, ఇంగ్లీషులోనే.

హాలు నవ్వింది. పెద్దాయన జోకు వేశాడనుకున్నారు. ఆ నిపుణుడు మాత్రం నవ్వలేదు. పెద్దాయన కళ్ళలోకి చూసి, బెలూను ట్రేలో పెట్టేశాడు. ఆయన గురించి నేను ఎవరితోనైనా మంచిగా చెబితే, ఆ ట్రే గురించే చెబుతాను.

రెండో కాలి దగ్గర శుభ్రం చేస్తుంటే చెంగల్రాయన్ అడిగాడు. "ఇప్పుడా కాలెందుకు?"

"ఆ పక్కనుంచి డై పోస్తే నిజం తెలస్తాది. సూది గుచ్చతా ఉండాను, ఓర్చుకోండి" అన్నాడు పెద్దాయన. మా గదిలో ఒక రోగితో ఆయన తెలుగు మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

డై వెళ్ళింది. అసలు నాళం కొస, సన్నగా, తెర మీద తేలింది. వైరు దాని పక్కన, దానికి ఏ సంబంధమూ లేనట్టు, వేరే చోట ఉంది. కాసేపటికి సభ నడిపించే ఆయన స్పీకర్లోంచి మాకు కృతజ్ఞతలు చెప్పి, లైను ఇంకో ఆసుపత్రికి మార్చాడు. అక్కడ ఇంకెవరో విజయం సాధిస్తున్నారు.

వైరు తీసేశాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందుకు విరుగుడు ఇచ్చాం. గుండె చుట్టూ రక్తం చేరుతుందేమోనని ఎకో స్కాను పెట్టి చూస్తూ కూర్చున్నాం. పలచటి పొర ఒకటి కనిపించింది. పెరగలేదు. నాళం మూసుకునే ఉంది. మనిషి బతికే ఉన్నాడు. మా పనిలో దీన్ని ఫెయిల్యూర్ అంటారు.

చప్పట్లు ఎవరికి

మరుసటి రోజు వార్డుకు వెళ్ళాం. రాజమ్మగారు కాఫీ ఫ్లాస్కు మూత బిగిస్తున్నారు. మమ్మల్ని చూసి మూత ఇంకొంచెం గట్టిగా బిగించారు.

"కూర్చోండి సార్" అన్నాడు చెంగల్రాయన్. ఇప్పుడంతా తెలుగే. "ఒకటి అడగతా. ఆ చప్పట్లు ఎవురికి?"

పెద్దాయన మంచం పక్కన కూర్చున్నాడు.

"నేను బల్ల మీదనే ఉండాను. పని కాలేదు. చప్పట్లు మాత్రం అయిపోయినాయి. మా తావున లారీలోంచి మూట దించి లెక్క చూసుకున్నాకే ఎవుడైనా పండగ చేసుకుంటాడు."

"పొరపాటే" అన్నాడు పెద్దాయన.

"ఇంగొకటి. నాకు తెలుగు రాకపోయుంటే?"

నేను ఏదో ఒకటి అనబోయాను. నా దగ్గర అలాంటి సందర్భాలకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "నిలిపింటాననే అనుకుంటా ఉండాను. కానీ తెలీదు" అన్నాడు.

"తెలీదా?" అన్నారు రాజమ్మగారు.

"తెలీదమ్మా. ఆ పొద్దు నేను మామూలుగా లేను."

చాలామంది పెద్దల దగ్గర పనిచేశాను. "తెలీదు" అని ఆ స్వరంలో చెప్పినవాళ్ళు ఎక్కువమంది తగల్లేదు. కొత్తగా వచ్చేవాళ్ళు తమ పెద్దలను ఈ ఒక్క మాటతో పరీక్షించుకోవచ్చు. జీతం పెంచమని అడిగినప్పుడు చెప్పే "తెలీదు" లెక్కలోకి రాదు.

పెద్దాయన చెప్పాల్సింది చెప్పాడు. కొన్ని వారాలు ఆగి, హాలు లేకుండా, రెండు కాళ్ళ నుంచీ గొట్టాలు పెట్టి మళ్ళీ ప్రయత్నించవచ్చు. లేదా బైపాస్. ఏదీ చేయకపోతే ఈ నొప్పితో, ఈ ప్రమాదంతో బతకాలి.

"కోయించుకుంటా" అన్నాడు చెంగల్రాయన్.

"ఏందబ్బా నువ్వు" అన్నారు రాజమ్మగారు. "మీ తమ్ముడి సంగతి తలుచుకో."

"తలుచుకునే చెప్తా ఉండా. వీళ్ళు నీడ చూసి పని చేస్తారు రాజీ. నీడలో ఏమైనా కనపడతాది. ఆడ కోసినోడు చెయ్యి పెట్టి చూస్తాడు."

ఆయనకు వాదించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. నీడను చదవడం మీదే మా చదువంతా. పెద్దాయన నన్ను మాట్లాడనివ్వలేదు. సర్జనుకు తనే ఫోను చేశాడు.

ఆ తర్వాత మా గదిలో ఒక మార్పు వచ్చింది. అనుమానాలు రోగికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలన్నాడు పెద్దాయన. రోగులు కొంచెం భయపడ్డారు. భయపడాల్సిన చోటే భయపడ్డారు కాబట్టి, దాన్ని నేను నష్టంగా లెక్కవేయను. రోగి కోసమని రోగికి తెలియకుండా మాట్లాడే మాటల్లో ఎక్కువభాగం డాక్టరు కోసమే అని నా అభిప్రాయం. లైవు ప్రదర్శనల మీద కూడా నాకొక అభిప్రాయం ఉంది. అచ్చు వేయదగ్గది కాదు.

కంటితో

వారాలు గడిచాక, మా ఆసుపత్రిలోనే ఆయనకు బైపాస్ చేశారు. మధ్యలో సర్జను మా ఇద్దరికీ కబురు పెట్టాడు. వెళ్ళి ఆయన భుజం మీదినుంచి తొంగి చూశాం. ఛాతీ తెరిచి ఉంది. మేం ఎన్నోసార్లు తెర మీద చూసిన ఆ నాళం, పసుపుపచ్చటి కొవ్వు మధ్యలో, నిజంగా అక్కడ ఉంది. దానికి కొంచెం పక్కగా చింతగింజంత గోధుమరంగు మరక. పాత రక్తం. సర్జను పనిముట్టు కొసతో దాన్ని చూపించి, "మీ వాళ్ళ సంతకం" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు. ఆ మరక మాట ఆయన దగ్గర నేను ఎత్తలేదు. సర్జన్లు ఇలాంటివి జీవితాంతం గుర్తు చేస్తారు, మనం కూడా కలవాల్సిన పని లేదు.

చెంగల్రాయన్ లేచి కూర్చునే స్థితికి వచ్చాక చూడడానికి వెళ్ళాను. ఛాతీకి దిండు అదుముకుని కూర్చున్నాడు. దగ్గొస్తే నొప్పి తెలియకుండా అలా పట్టుకోమంటారు.

"లోపలికొచ్చి చూసినారంట గదా" అన్నాడు.

"చూశాం."

"కంటితోనా?"

"కంటితోనే."

"ఎట్టుండాది?"

మరక ఎంతుందో, ఏ రంగులో ఉందో, నాళానికి ఏ వైపున ఉందో చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ విన్నాడు, సంచి మూతి విప్పి లోపలికి చూసినట్టు. "సర్జను సారు కూడా ఇదే చెప్పినాడు" అన్నాడు. ముందు ఆయన్ను అడిగి, తర్వాత నన్ను అడిగాడన్నమాట.

"సరే. స్టూలు లాక్కో" అన్నాడు. "ఆ పొద్దు ఆ గుడ్డకు అవతల ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు. నాకు వినపడింది సగమే."

స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. రెండు చోట్ల నన్ను ఆపి, అది మళ్ళీ చెప్పమన్నాడు. సరిగ్గా ఆ రెండు చోట్లే నేను, మొదటిసారి, జరిగినదానికంటే కొంచెం ధైర్యంగా మాట్లాడినట్టు చెప్పాను.